మొలతాడు తెంచిన చెయ్యి

పగిడయ్య ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా వచ్చి, ట్రాలీ మీద నుంచి కిందికి దూకి, ముక్కులో గొట్టం తనే పీకేసుకుని, రక్తం కారుతుండగా గేటు దాటి పరుగెత్తాడు. అంతవరకు ఆసుపత్రిలో అందరూ చూశారు. పేగు జారి గజ్జల్లో ఇరుక్కుపోతే కూర్చోలేక, నిలబడలేక రేగులగుంపు అనే కోయగూడెం నుంచి వచ్చిన మనిషి అతను. ఆ నొప్పితో ఎలా పరుగెత్తాడో, అసలు ఎందుకు పరుగెత్తాడో మా ఏటిగడ్డ ఏరియా ఆసుపత్రిలో ఎవరికీ అర్థం కాలేదు. నాకు మాత్రం ట్రాలీ చక్రం పక్కన నేల మీద పడి ఉన్న నల్లటి మొలతాడు కనిపించింది. కత్తెరతో కోసిన తాడు అది. ఆ కత్తెర వార్డుబాయ్ రాంబాబు చేతిలో ఉంది.

అది నిన్నటి సంగతి. ఈరోజు పొద్దున రౌండ్స్‌కి వచ్చిన సర్జన్ అనిల్‌కుమార్ గారు పగిడయ్య ఖాళీ మంచం చూసి నవ్వారు. సర్జికల్ వార్డుకి హెడ్ సిస్టర్‌ని నేనే కాబట్టి ఆ నవ్వు దగ్గరగా చూసే భాగ్యం నాకే దక్కింది.

"పోయాడా మన అడవి మహారాజు? చెప్పకుండా పారిపోయాడని రాసి కేస్ షీట్ క్లోజ్ చేసెయ్యండి సిస్టర్."

"రాయను సార్," అన్నాను.

ఆయన పక్క మంచం వైపు అడుగు వేసినవారల్లా ఆగిపోయారు. ఒక్క మాట ఆయన గురించి న్యాయంగా చెప్పాలి. సత్తుపల్లి అవతల మామిడితోటలున్న ఇంటి నుంచి వచ్చారు, కావాలంటే విజయవాడలో పెద్ద నర్సింగ్ హోమ్ పెట్టుకోగలరు, అయినా ఈ అడవి అంచుకి వచ్చి పనిచేస్తున్నారు. చెయ్యి చాలా మంచిది. ఆయన వేసిన కుట్టు చూడముచ్చటగా ఉంటుంది. వచ్చిన చిక్కల్లా, మత్తు ఎక్కాకే ఆయనకి పేషెంటు మనిషిలా కనిపిస్తాడు. అంతకుముందు వాడు ఒట్టి అడ్డంకి.

"రాయనంటే ఏంటి మీ ఉద్దేశం?"

"ఆయన పారిపోలేదు సార్. మనం తరిమేశాం."

వార్డులో పేషెంట్లంతా మా వంకే చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. వాళ్ళకి సంబంధించిన మాటే కదా.

"పొద్దున్నే మొదలుపెట్టకండి కళావతిగారూ. నిన్న పేషెంట్‌ని ప్రిపేర్ చేసింది మీ వార్డే."

"అవును సార్, ప్రిపేర్ చేశాం. ఏం చేశామో చెప్తాను వినండి. గజ్జలు గొరిగాం. ముక్కులో గొట్టం దూర్చాం. ఒంటి మీద గుడ్డ తీయించి వెనకాల ముడి ఊడిపోయిన గౌను తొడిగాం. పెళ్ళాన్ని అవతలికి పొమ్మన్నాం. వేలు పట్టుకుని సిరాలో ముంచి కాగితం మీద ఒత్తుకున్నాం. నీకు ఏమైంది, ఎక్కడ కోస్తాం, లేచేసరికి నీ దగ్గర ఎవరుంటారు, ఈ ముక్క ఒక్కరైనా చెప్పారా ఆయనకి? సంతకి తోలుకుపోయే మేకతోనైనా దారిలో రెండు మాటలు మాట్లాడతారు సార్!"

"ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి కథలు చెప్తుంటే నేను ఆపరేషన్లు ఎప్పుడు చెయ్యాలి? ఇక్కడ నాకు మత్తు డాక్టరే వారానికోసారి వస్తాడు. ఈ పగిడయ్య కోసం నేను ఆయన్ని బతిమాలి నిన్న పిలిపిస్తే, వీడేమో..." ఆయన గొంతు కూడా పెరిగింది. "తాడు కోసింది రాంబాబు. తొందరపడ్డాడు. మెమో ఇస్తాను. సరిపోయిందా?"

రాంబాబు గుమ్మం దగ్గరే ఉన్నాడు. వార్డుబాయ్ అంటారు గాని పిల్లలకి పెళ్ళిళ్ళు చేసే వయసు. నిన్న సాయంత్రం దాకా నేనూ వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. చేతులు పడిపోను, నీకు కళ్ళు లేవా, నీ ఇంట్లో మగాళ్ళకి మొలతాడు లేదా అన్నాను. ఒక్క మాటకీ బదులు చెప్పలేదు. ఇప్పుడు మెమో అన్నా తల ఎత్తలేదు. తప్పు చేసినవాడు కాస్తో కూస్తో సర్దిచెప్పుకుంటాడు, వీడు అదీ చెయ్యడం లేదు. ఆ సంగతి నాకు నిన్నటి నుంచీ నచ్చడం లేదు.

అప్పుడే వాచ్‌మన్ పూల్‌సింగ్ ఆయాసపడుతూ వచ్చాడు.

"సిస్టరమ్మా! నిన్న ఉరికిపోయినాయన ఆటోల వచ్చిండు. జల్దీ రాండ్రి. లోపటికి రమ్మంటే రామంటుండ్రు."

డాక్టర్ గారి అనుమతి కోసం నేను ఆగలేదు.

ఆటో గేటు లోపలికి రాలేదు, రోడ్డవతల చింతచెట్టు కింద ఆగి ఉంది. వెనక సీట్లో పగిడయ్య మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడి ఉన్నాడు. పెదాలు ఎండిపోయి పొక్కులు లేచాయి. కడుపు ఉబ్బి బిగుసుకుంది. లుంగీ పక్కకి జరిపి చూశాను. గజ్జల్లో గడ్డ నిన్నటికంటే పెద్దదైంది, మీద చర్మం కందిపోయింది. వేలు తగలగానే అరిచాడు. నాడి పట్టుకుంటే పరుగులు తీస్తోంది. నిన్న ఇదే గడ్డ ఇరుక్కున్న పేగు మాత్రమే. ఇప్పుడు ఆ పేగుకి రక్తం ఆగిపోతోంది. ఇంకా ఆలస్యమైతే అది కుళ్ళుతుంది, మనిషి పోతాడు. దీనికి మందు లేదు, కొయ్యడం ఒక్కటే దారి.

"పట్టండి, లోపలికి తీసుకుపోదాం," అని పూల్‌సింగ్‌ని పిలిచాను.

నా చేతికి ఇంకో చెయ్యి అడ్డం వచ్చింది. పగిడయ్య భార్య జంపక్క. నిన్న వార్డులో నోరు మెదపకుండా గోడకి ఆనుకుని కూర్చున్న మనిషి ఇవాళ నా కళ్ళలోకి సూటిగా చూస్తోంది.

"ఆగు సిస్టరమ్మా. నీ దవాఖానకు రాలే మేము. గా తాడు తెంపినోని కోసం వచ్చినం. ఆన్ని బయటికి పిలువు."

"జంపక్కా, అది తర్వాత చూసుకుందాం. ముందు ఈయనకి..."

"తర్వాత ఏంది? నిన్న తర్వాత, తర్వాత అనే నన్ను బయటికి తోలిండ్రు." ఆమె గొంతు రోడ్డు మీద పోయేవాళ్ళని కూడా ఆపింది. "మొలతాడు ఎప్పుడు తెంపుతరు సిస్టరమ్మా? నీ ఊర్ల ఎప్పుడు తెంపుతరు? చెప్పు!"

మాది కల్లూరు. మా ఊళ్ళోనూ మనిషి పోయాకే తెంపుతారు.

"సచ్చినంక తెంపుతరు. పాడె మీద పండవెట్టే ముందట తెంపుతరు. నా పెనిమిటిని బండి మీద పండవెట్టి, బట్టలిప్పి, తెల్లగుడ్డ కప్పి, మొలతాడు కత్తిరిస్తిరి. ఆయన ఏమనుకోవాలె? ఈళ్ళు నన్ను పీనుగను జేసిండ్రు అనుకోడా? ఉరకడా?"

పక్కనే నిలబడ్డ పెద్దాయన అప్పుడు నోరు విప్పాడు. సీతయ్య, పగిడయ్యకి స్వయానా అన్న. కోపం అణుచుకుని ఒక్కో మాటా తూచి చెప్తున్నాడు.

"ఇంటికి తీస్కపోతే గుడిసెలకు రానియ్యలేదమ్మా మా పెద్దలు. నడుము బోడిగున్నది, సావుముద్ర పడ్డది, గిట్లెట్ల రానిస్తమన్నరు. నేను కాదనలేకపోయిన. తెల్లందాక పసుల కొట్టంల పన్నడు నా తమ్ముడు. కొత్తది మేం కడ్తమంటే కుదరదన్నరు. ఏ చెయ్యి తెంపిందో ఆ చెయ్యే కట్టాలె. బతికున్నవని నోటితోని చెప్పాలె. అంతదాక ఆయన ఇంటికీ రాడు, నీ దవాఖానకూ రాడు."

అడవిలో అంత నొప్పితో పశువుల పేడ మధ్య పడుకున్నాడట! నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవరి మీద కోప్పడాలి? గుడిసెలోకి రానివ్వని పెద్దల మీద కోపమొచ్చిన మాట నిజం. కాని ఆయన మీద ఆ ముద్ర వేసి పంపింది ఎవరు? మేం కాదూ?

"తాడు తియ్యకపోతే కొయ్యడానికి అడ్డమొస్తది జంపక్కా. అందుకే..." అని మొదలుపెట్టాను.

"తియ్యొద్దని ఎవరన్నరు?" అని ఆమె నా మీదకి వచ్చింది. "అడిగితే ఇయ్యకపోదుమా? నేనే ముడి ఇప్పి ఆయన చేతికి కడ్తుంటి. నడుముకు అడ్డమైతే చేతికుంటది. అన్నీ అయినంక మళ్ళ నడుముకు కడ్తుంటి. ముడి ఇప్పదీసుడు వేరు, తెంపుడు వేరు. గింత పెద్ద దవాఖాన కట్టుకున్నరు, గదొక్కటి ఎవరికీ తెల్వదా?"

ఒక్క మాట అడిగితే అయిపోయేది. అరనిమిషం పని. ఆ అరనిమిషం లేదన్నాం మేము.

అంతలో అనిల్‌కుమార్ గారు గేటు దాటి వచ్చారు. ఆటోలోకి ఒక్క చూపు చూసేసరికి ఆయన ముఖం మారింది. "ఏం చేస్తున్నారిక్కడ? వెంటనే లోపలికి తీసుకురండి! మత్తు డాక్టరు ఇంకా వెళ్ళలేదు, టైం లేదు!"

ఎవరూ కదల్లేదు. విషయం నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన విసుగ్గా వెనక్కి తిరిగారు.

"రాంబాబూ! ఇలా రా. ఏదో తాడు కట్టాలంట, కట్టి పడెయ్."

రాంబాబు వచ్చాడు. జంపక్క కొంగు ముడి విప్పి కొత్త నల్లతాడు తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు ఆటోలోకి వంగాడు. అప్పుడు పగిడయ్య కళ్ళు తెరిచాడు.

"ఈయన గాదు," అన్నాడు.

"ఏంది?" అంది జంపక్క.

"ఈయన తెంపలే. పెండ్లాన్ని పిలుద్దాం సారూ, ఆమె ముడి ఇప్పుతది అని మొత్తుకున్నడు ఈయన." ఊపిరి అందక ఆగి, చెయ్యెత్తి చూపించాడు. "గా సారు కత్తెర గుంజుకొని తెంపిండు."

నేను రాంబాబు వంక చూశాను. వాడు అప్పటికే ఏడుస్తున్నాడు.

"కోసి కత్తెర మళ్ళ నా చేతుల పెట్టిండు సిస్టర్."

"మరి నిన్నంతా నేను తిడుతుంటే నోరెందుకు విప్పలేదురా!"

"కాంట్రాక్టోన్ని సిస్టర్. నోరిప్పితే రేపటి నుంచి రావద్దంటరు."

అప్పుడు నాకు ఒళ్ళు తెలియలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో డాక్టర్ల ముందు గొంతు ఎత్తాను గాని ఇలా ఎప్పుడూ ఎత్తలేదు.

"సిగ్గు లేదా సార్ మీకు? కోసింది మీరు, మెమో వాడికా? పొద్దున్న వార్డులో అంతమంది ముందు వాడి పేరు చెప్పడానికి మీకు నోరెలా వచ్చింది?"

"కళావతిగారూ, హద్దులో ఉండండి! మురికి పట్టిన తాడు, ఇన్‌ఫెక్షన్ సోర్స్ అది. టేబుల్ మీదకి రానివ్వను. ఏ పుస్తకంలోనైనా అదే రాసుంటుంది."

"తియ్యాల్సిందే! కాదన్నదెవరు? ఆమే తీసిస్తానంటోంది! మీ బాబు బారసాలకి నేనూ వచ్చాను సార్. మీ అమ్మగారు వాడి నడుముకి వెండి మొలతాడు కడుతుంటే మీరు ఫొటో తీయించుకున్నారు. రేపు వాడికేదైనా జరిగి, ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు మిమ్మల్ని బయటికి నెట్టి ఆ మొలతాడు పుటుక్కున తెంపితే పుస్తకంలో ఏం రాసుందని అడుగుతారా? కాలర్ పట్టుకుంటారా?"

ఆయన ముఖం ఎర్రబడింది. తర్వాత గొంతు తగ్గించి, "నేను డాక్టర్ని. రోడ్డు మీద తాయెత్తులు కట్టేవాణ్ణి కాదు. నేను కట్టను," అన్నారు.

"అయితే పోదాం పా," అన్నాడు సీతయ్య.

ఆ మాటతోపాటే పగిడయ్య పక్కకి ఒరిగి వాంతి చేసుకున్నాడు. నల్లగా, ఆకుపచ్చగా, దుర్వాసనతో. ఆటో పక్కన నిలబడ్డవాళ్ళు ముక్కు మూసుకుని వెనక్కి జరిగారు. అనిల్‌కుమార్ గారు జరగలేదు. పేగులోది వెనక్కి తన్నుతోందని చెప్పే ఆ రంగుకి అర్థం అక్కడ ఉన్నవాళ్ళలో ఆయనకీ నాకూ మాత్రమే తెలుసు. చెయ్యి చాపారు.

"ఇవ్వండి ఆ తాడు."

ఆటో పాదం పెట్టే చోట మోకాలు ఆనించి వంగారు. తెల్లకోటుకి వాంతి అంటుకుంది. పేగుల మధ్య కంటికి కనిపించని ముడులు వేసే చేతులు, ఆ నల్లతాడు నడుం చుట్టూ తిప్పి ముడి వెయ్యడానికి తడబడ్డాయి. జంపక్కే ఒక కొస పట్టుకుని సాయం చేసింది. ముడి పడింది.

"బతికున్నవని చెప్పు సారూ," అన్నాడు సీతయ్య.

"పగిడయ్యా... నువ్వు బతికే ఉన్నావు."

"ఆయనకు ఇనపడాలె గద. గట్టిగ చెప్పు."

"నువ్వు బతికే ఉన్నావు పగిడయ్యా! నిన్న... నిన్న నేను అడక్కుండా తెంపాను. తప్పే."

ఇది చూసి నేను సంతోషించాలి. పొద్దున్నుంచీ నేను కోరుకున్నది ఇదే కదా. కాని కోపం తగ్గకపోగా ఇంకా పెరిగింది. ఇంత చిన్న మాట ఒక మనిషి నోట రావడానికి ఇంకో మనిషి పశువుల కొట్టంలో పడుకుని, రోడ్డు మీద వాంతులు చేసుకోవాలా? ఏమైతేనేం, ఇప్పుడు లోపలికి వస్తారు, ఈ తిట్లన్నీ తర్వాత తీరిగ్గా తిట్టుకోవచ్చు అనుకున్నాను. ట్రాలీ తెమ్మని రాంబాబుకి సైగ చేశాను.

అప్పుడు పగిడయ్య కాళ్ళు చాపాడు.

నిన్నటి నుంచి ముడుచుకునే ఉన్న కాళ్ళు అవి. మెల్లగా చాపి, సీటుకి ఆనుకుని కూర్చున్నాడు. ముఖంలో బిగువు పోయింది. కడుపు మీద చెయ్యి వేసుకుని ఆశ్చర్యంగా భార్య వంక చూశాడు.

"నొప్పి పోయిందే," అన్నాడు.

"ఆఁ?"

"పోయింది. ఒట్టు. ఒక్క గడియల పోయింది."

జంపక్క గొల్లున ఏడ్చేసింది. ఈసారి సంతోషంతో. సీతయ్య రెండు చేతులూ ఎత్తి కొండల వైపు దణ్ణం పెట్టాడు. ఇద్దరూ కోయభాషలో గబగబా ఏదో అనుకున్నారు. రోడ్డు మీద గుమిగూడినవాళ్ళు కూడా చూశారా, చూశారా అంటున్నారు. జంపక్క అనిల్‌కుమార్ గారి చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నీ చెయ్యి చల్లగుండ సారూ! కట్టంగనే బాధ తీసేస్తివి!"

ఆయన చేతులు వెనక్కి తీసుకోవడం కూడా మరిచిపోయి నా వంక చూస్తున్నారు. నేను అప్పటికే పగిడయ్య నాడి పట్టుకుని ఉన్నాను. పరుగు ఆగలేదు, పైగా వేళ్ళకి దొరకనంత సన్నబడింది. నుదురు చల్లటి చెమటతో తడిసిపోయింది. గజ్జల్లో గడ్డ అలాగే, రాయిలా ఉంది. నేను గట్టిగా నొక్కినా అతను అరవలేదు. చిరునవ్వు నవ్వాడు.

పేగు బతికి ఉన్నంతసేపే నొప్పి. ఇరుక్కున్న పేగు నొప్పి ఉన్నట్టుండి ఆగి, గడ్డ మాత్రం అలాగే ఉందంటే, లోపల చావు మొదలైందని అర్థం. ఇంకాసేపు ఇలాగే హాయిగా ఉంటాడు. తర్వాత ఎవరి చేతిలోనూ ఉండదు.

"ఇంక కోసుడెందుకు? పోదాం పా," అంటున్నాడు సీతయ్య. ఆటోడ్రైవర్ దేవ్లా ముందు సీట్లో కూర్చున్నాడు.

అనిల్‌కుమార్ గారు నా పక్కకి వచ్చారు. ఆయన గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు. "మీరు చెప్పండి కళావతిగారూ. నేను చెప్తే ఇప్పుడు నమ్మరు. కొయ్యడానికే అబద్ధం ఆడుతున్నాననుకుంటారు."

ఏమని చెప్పను? ఇప్పుడే కదా అందరి ముందూ బతికున్నావని ఆ మనిషికి చెప్పించాం. వెంటనే నీ కడుపులో పేగు చచ్చిపోయిందని ఏ నోటితో చెప్పను? పీనుగని చేశారన్న ఆ ఒక్క భయానికే కదా నిన్న ట్రాలీ మీద నుంచి దూకి పరుగెత్తాడు.

జంపక్క భుజం పట్టుకున్నాను. "పోకు జంపక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా. నొప్పి పోయింది బాగయ్యి కాదు. లోపట పేగు పాడైంది, అందుకే తెలుస్తలేదు. ఇప్పుడు పోతే పొద్దుగూకేసరికి మనిషి దక్కడు. తాడు నువ్వే ఇప్పి చేతికి కట్టు. థియేటర్ గుమ్మం దాకా నువ్వే తోడు రా. కాని పోకు."

ఆమె నా చెయ్యి భుజం మీద నుంచి తీసేసింది. కోపంగా కాదు, మెల్లగానే తీసింది.

"నిన్న నొప్పి నొప్పి అని మొత్తుకుంటే ఆయన మాట ఎవరూ ఇనలే," అంది. "ఇయ్యాల నొప్పి లేదంటుండు. ఇయ్యాల కూడ ఇనరా సిస్టరమ్మా?"

ఆటో ఎక్కి మొగుడి తల ఒళ్ళో పెట్టుకుంది. దేవ్లా వంగి లివర్ లాగాడు. ఇంజన్ మొదటిసారికే అందుకుంది. నేను ఆటో ముందు చక్రానికి అడ్డంగా రోడ్డు మీద కూర్చున్నాను. పగిడయ్య ఒళ్ళోంచి తల కొంచెం ఎత్తి, నా వంక చూసి, పక్కకి జరగమని నవ్వుతూ చెయ్యి ఊపాడు.